ఇంటి ముఖం వెతుక్కుంటూ బెజవాడలో

మా దివిసీమ వైపు ఇల్లు కట్టాలనుకున్నవాడు ముందుగా చేసే పని శంకుస్థాపన కాదు, బెజవాడ బస్సెక్కడం. రొయ్యల చెరువులు కలిసొచ్చిన రోజుల్లో మొదలైంది ఈ అలవాటు. ఆసామి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, తాపీ మేస్త్రీని వెంటేసుకుని కొత్త కాలనీలన్నీ తిరిగేవాడు. నచ్చిన ఇల్లు కనబడితే రోడ్డు మీదే ఆగి, "మేస్త్రీ, ఇదిగో ఈ ముఖం పెట్టు మనింటికి" అనేవాడు. ఆ మేస్త్రీని నేను. ఏడో తరగతితో బడికీ నాకూ చెల్లైపోయింది కాబట్టి ఇంజనీర్లలా ప్లాను కాగితాలు నా దగ్గరుండవు. సిగరెట్ పెట్టె చింపి లోపలి తెల్లవైపున ఆ ముఖం గీసుకునేవాణ్ణి. చిన్న ఇల్లయితే చిన్న పెట్టె, మేడయితే పెద్ద పెట్టె.

గేటు తట్టి, "మేమూ కట్టుకుంటున్నామండీ, ఒకసారి ఇల్లు చూసుకోవచ్చా?" అంటే కాదనేవాళ్ళు ఉండరు. కృష్ణా జిల్లాలో ఇల్లు కట్టుకున్న సుఖంలో సగం దాన్ని ఇంకొకళ్ళకి చూపించడంలోనే ఉంటుంది. మగాళ్ళం పోర్టికోలో నిలబడి ఇసుక గురించి, సిమెంటు గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆడవాళ్ళు వంటగదిలోకి వెళ్ళి అలమర తలుపులన్నీ తీసి చూసి, ఒక గంట తర్వాత సొంత అప్పచెల్లెళ్ళలా బయటికి వచ్చేవాళ్ళు. సాయంత్రం భార్యను చుట్టాలింట్లో దించేసి ఆసామి నన్ను ఏదో ఒక బార్‌కి తీసుకెళ్ళేవాడు. అదీ ఆచారంలో భాగమే. పగలు భవనాలు, పొద్దుపోతే బార్లు. ఇప్పటివాళ్ళు దీన్నే టూర్ అంటున్నారు.

అలా పదేళ్ళలో బెజవాడ ముఖాలు చాలానే మా పల్లెలకి మోసుకొచ్చాను. ఒక ఊళ్ళో అన్నదమ్ములిద్దరూ పట్టుబట్టి ఒకటే ముఖం కట్టించుకున్నారు. ఒకరోజు తమ్ముడు తాగొచ్చి అన్నగారింట్లో పడుకుంటే పంచాయితీ నా మెడకి చుట్టుకుంది. అప్పట్నుంచి ఒక ఊళ్ళో ఒక ముఖం రెండుసార్లు కట్టకూడదని నియమం పెట్టుకున్నాను.

నా ఇల్లు మాత్రం తాటాకు ఇల్లే. "ఊరందరికీ ముఖాలు పెట్టావు, మనింటికి కనీసం ఒక ముక్కు పెట్టవయ్యా," అని నా భార్య దెప్పుతూ ఉండేది. చివరికి ఆ ముక్కు కోసం తనే కువైట్ వెళ్ళింది, ఒక ఇంట్లో వంటపనికి. మొగుడుండగా ఆడది వెళ్ళడమేమిటని ఊళ్ళో కొందరడిగారు. "నేనే వెళ్తానన్నానండీ, వాళ్ళకి కూర వండటం వచ్చినవాళ్ళు కావాలంట, గోడ కట్టేవాళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నారంట," అని చెప్పేవాణ్ణి. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. మాకు పిల్లల్లేరు. కాబట్టి అలా చెప్పి నవ్వించాక ఇంటికొస్తే ఇంట్లో నవ్వేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఆమె పంపినదానితో పాత పాక పక్కనే నాలుగు గోడలు లేపి శ్లాబు వేశాను. ప్లాస్టరింగ్ లేదు, తలుపుల్లేవు, ముందు భాగం అసలే లేదు. రోడ్డు మీంచి చూస్తే సిమెంటు గోడౌన్ అనుకునేవాళ్ళు. నేను చెప్పబోయే ఈ బెజవాడ ప్రయాణం అప్పుడు జరిగింది. సెల్‌ఫోన్లు మా ఊళ్ళోకి కొత్తగా దిగిన రోజులు. కువైట్ ఫోను శుక్రవారం పొద్దుగూకేవేళ వచ్చేది. ఆ ఇంటివాళ్ళు శుక్రవారం సాయంత్రం మేడం పుట్టింటికి వెళ్ళేవాళ్ళట. ఒక ఫోన్ కార్డు అయిపోయేదాకా మాట్లాడుకునేవాళ్ళం. ఆ కాసేపట్లో ఆమెను ఎన్నిసార్లు నవ్విస్తే అంత లాభమని నా లెక్క. ఏడుపు మొదలైతే కార్డంతా దానికే అయిపోతుంది. అందుకని వారమంతా కనబడిన ప్రతి వింతా శుక్రవారానికి దాచుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం ఆమె నన్ను నవ్వించనివ్వకుండా సూటిగా చెప్పింది.

"వచ్చే నెలతో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఉంటావా, వెళ్తావా అని మేడం అడుగుతోంది. ఎలివేషనూ పైమేడా కావాలంటే ఇంకో రెండేళ్ళుంటాను. వద్దంటే వచ్చేస్తాను. నువ్వు బెజవాడ వెళ్ళి, నాలుగిళ్ళు చూసి, వచ్చే శుక్రవారం ఏదో ఒకటి చెప్పు."

"చూడకుండానే చెప్పొచ్చుగా," అన్నాను.

"చూసే చెప్పు. తొందరేం లేదు, రెండు మూడు రోజులుండు. మంచి లాడ్జీలో దిగు."

ఆమెకి చెప్పినట్టే బుధవారం పొద్దున్నే బయల్దేరాను. ఈసారి ఆసామీ నేనే, మేస్త్రీ నేనే. భార్య సీట్లో ఒక ఎండుచేపల బుట్ట కూర్చుంది. అది ఉయ్యూరులో దిగిపోయింది. ఆ తర్వాత బస్సులో నాకు ఏమీ తోచలేదు.

బుధవారమంతా కొత్త కాలనీలు తిరిగాను. బెజవాడలో అప్పుడు ఇళ్ళకి పిచ్చెక్కి ఉంది. ఒక ఇంటికి రాజుల కోటల్లో ఉండే స్తంభాలు, వాటి మధ్య స్కూటర్ పార్కింగ్. ఒక ఇంటి పిట్టగోడ మీద రెండు గుర్రాలు ముందుకాళ్ళు ఎత్తి నిలబడ్డాయి, కింద కుక్కలున్నవి జాగ్రత్త అని బోర్డు. ఇంకో ఇల్లు అచ్చం టేప్‌రికార్డర్, రెండు గుండ్రటి కిటికీలూ మధ్యలో గ్రిల్లూ. "క్యాసెట్ ఎక్కడ పెడతారో," అని పక్కకి తిరిగాను. పక్కన కరెంటు స్తంభం ఉంది.

గేట్లు తట్టాను. మొదటి ఇంటాయన సంతోషంగానే వచ్చి, నా వెనక్కి చూసి, "ఇంట్లో ఆవిడ రాలేదా?" అన్నాడు. రాలేదండీ అన్నాను. "అయితే బయట్నుంచి చూసుకోండి, లోపల ఆడవాళ్ళున్నారు," అని మర్యాదగానే గేటు వేశాడు. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో గేటు దాకా కూడా రాలేదు, కిటికీలోంచే అడిగారు. వాళ్ళని తప్పుపట్టను. ఎవడో ఒంటరి మగాడు వచ్చి మీ వంటగది చూపించండి అంటే నేనూ చూపించను. పదేళ్ళుగా నాకు తెరుచుకున్న ఆ గేట్లన్నీ నా మేస్త్రీతనానికి కాక, పక్కనున్న ఆ ఆడమనిషికే తెరుచుకున్నాయని ఆ పూట అర్థమైంది.

సాయంత్రం లాడ్జీవాడు చెబితే ఒక మేడ మీది బార్‌కి వెళ్ళాను. కొత్తగా తెరిచారట, ఎక్కడో సముద్రం మధ్య దీవిలో ఉన్నట్టు కట్టారట. నిజంగానే అలాగే ఉంది. గోడలకి వెదురు, చుట్టూ ప్లాస్టిక్ కొబ్బరి చెట్లు, స్పీకర్లలోంచి జారిపోతున్నట్టుండే గిటారు పాటలు. గుమ్మం పక్కన మనిషెత్తు కొయ్యమొహం, గుడ్లురిమి, పళ్ళన్నీ బయటపెట్టి. మెళ్ళో పూలదండ. పైకి చూస్తే తాటాకు కప్పు. మేస్త్రీ కన్ను ఊరుకోదుగా, లేచి ఒక ఆకు పక్కకి తొలగించి చూశాను. పైన సుబ్బరంగా శ్లాబు. జీవితమంతా జనాన్ని తాటాకు కిందనుంచి శ్లాబు కిందకి మార్చాను, వీళ్ళేమో శ్లాబు వేసుకుని దాని కింద తాటాకు కట్టుకున్నారు.

సర్వర్ పూలచొక్కా వేసుకుని, రెండు చేతులూ అలల్లా ఊపుతూ వచ్చాడు. ఓనరు అలా ఊపమన్నాడట. "మాది కూచిపూడి పక్క ఊరే సార్, చేతులు తిప్పడం మాకేం కొత్తకాదు," అన్నాడు.

"ఆ గుమ్మం దగ్గరాయన ఎవరు?" అనడిగాను.

"ఆ దీవుల్లో దేవుడంట సార్."

"మా దగ్గర ఈయన్ని కడుతున్న ఇళ్ళకి దిష్టిబొమ్మగా వేలాడదీస్తాం. ఇక్కడ ఉద్యోగం పర్మినెంట్ అయినట్టుందే."

కొబ్బరిచిప్పలో ఎర్రగా ఏదో తెచ్చిపెట్టాడు, పైన కాగితం గొడుగు గుచ్చి. "గొడుగు దేనికయ్యా, కప్పు కారుతుందా?" అన్నాను. అతను నవ్వి, వెళ్ళి కౌంటర్‌లో వాళ్ళకి చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. అవన్నీ శుక్రవారానికి దాచుకున్నాను. ఆ చిప్పని రెండు చేతుల్తో పట్టుకుని, చుట్టూ ఉన్న బల్లల మీద కుటుంబాలూ స్నేహితులూ చేస్తున్న గోల వింటూ చాలాసేపు కూర్చున్నాను. మా పాకలో కూర్చున్నా పైన అదే తాటాకు. ఇక్కడ ఫ్యాన్లు కాస్త ఎక్కువ, అంతే.

గురువారం వన్ టౌన్ వెళ్ళాను. కొత్త ముఖాలు చూసి విసుగొచ్చింది, పాతవి చూద్దామనిపించింది. తోపుడు బళ్ళ మధ్యనుంచి తప్పుకుంటూ తలెత్తి నడుస్తుంటే ఒక ఇల్లు కాళ్ళకి బ్రేకులేసింది. కింద పసుపు, మిర్చి హోల్‌సేల్ కొట్టు. పైన కాపురం. టేకు స్తంభాల వసారా, కమానుల కిటికీలు, వాటిపైన ఎవరో ఎంతో ఓపిగ్గా తీర్చిన సున్నపు తీగలు. సిమెంటుతో ఆ పని రాదు. ముక్కు మంటపెట్టే మిర్చి ఘాటులో తుమ్ముతూ చూస్తూ నిలబడ్డాను. కొట్లో గల్లా దగ్గరున్న పెద్దాయన, తెల్లగడ్డం ముస్లిం పెద్దమనిషి, ఏం కావాలని అడిగాడు. ఇల్లు చూసుకుంటానన్నాను. ఆయనా నా వెనక్కే చూశాడు. ఈసారి నేను ముందే అందుకున్నాను.

"మా ఆవిడ వెనకాల వస్తోందండీ. చెప్పు తెగితే కుట్టించుకోడానికి ఆగింది."

ఆయన పైకి కేకేశాడు, అతిథులొస్తున్నారని, ఆవిడ చెప్పు కుట్టించుకుని వెనకాల వస్తుందని. మెట్లెక్కి వెళ్తే ఆయన భార్య వసారాలో చాప పరిచి, టీ రెండు కప్పుల్లో పోసి, ఒక దాని మీద సాసరు మూత పెట్టింది. ఇల్లంతా తిప్పి చూపించింది. వాళ్ళ మామగారి తండ్రి కట్టించాడట. వంటగదిలోకీ తీసుకెళ్ళింది. మా ఆవిడ వచ్చాక మళ్ళీ చూపిస్తాలే అంది. అక్కడ గట్టు ముందు ఒక చెక్కపీట వేసి ఉంది.

"ఈ గట్టు తర్వాత మా అత్తగారి ఎత్తుకి కట్టింది నాయనా. ఆవిడ పొడగరి. నేను కాపురానికొచ్చిన రోజునుంచీ పీటెక్కే వండుతున్నాను. నువ్వు మాత్రం మీ ఆవిడని నిలబెట్టి కట్టు."

అది నేను చేసే పనే. వంటగట్టుకి నేను టేపు పెట్టను. ఇంటావిడని గోడ పక్కన నిలబెట్టి మోచెయ్యి మడవమంటాను, దానికి బెత్తెడు కింద పెన్సిల్ గీత. చెయ్యి పైకెత్తమంటాను, వేళ్ళందిన చోట అలమరకి ఇంకో గీత. గోడ మీద ఆ రెండు గీతలూ లేకుండా ఏ వంటగదీ మొదలుపెట్టలేదు. సరదాగా ఏడిపిస్తాను కూడా, మునివేళ్ళ మీద లేవకండమ్మగారూ, రేపు పప్పుడబ్బా అందదు అని.

"మీ ఆవిడ ఎంతుంటుంది?" అంది పెద్దావిడ.

ఇంతే అండీ అని చెయ్యి నా భుజం దగ్గర పెట్టాను. కాదనిపించి చెవి దాకా లేపాను. మళ్ళీ కొంచెం దించాను. ఊళ్ళో ఏ ఇంటావిడ గట్టు ఎత్తైనా కళ్ళు మూసుకుని చెప్పగలను. చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఏదో ఒక జోకు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఆవిడ నా చెయ్యి వైపు చూసింది, వీధి వైపు చూసింది. "ఆ చెప్పు కుట్టడం ఇంకా కాలేదా నాయనా?" అంది మెల్లిగా.

అప్పుడు చెప్పాను, ఆమె కువైట్‌లో ఉందని. గేట్ల దగ్గర ఏం జరిగిందో, అందుకే అలా అన్నానని. ఆవిడ కోప్పడలేదు. వసారాలోకి వచ్చి రెండో కప్పు మీద సాసరు తీసి నా ముందుకి జరిపింది.

"ఇదీ నువ్వే తాగు. ఆ అమ్మాయి వాటా."

చల్లారిపోయింది. తాగాను.

ఆ సాయంత్రం ఇంకో బార్‌కి వెళ్ళాను. హైవే పక్కన తోటలో గుడిసెలు, గుడిసెకో బల్ల. అక్కడా అవే కొయ్యమొహాలు, ఒకడు చూసి ఇంకొకడు చేయించుకున్నట్టున్నారు. ముఖాలు మోసుకెళ్ళే మేస్త్రీలు బార్లకి కూడా ఉంటారన్నమాట. నాకిచ్చిన గుడిసెలో బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. ఇంకెవరైనా రావాలా సార్ అని సర్వర్ అడిగాడు. ఎవరూ రారన్నాను. పక్క గుడిసెలోకి ఏదో పెద్ద బృందం దిగింది. అతను వచ్చి, ఏమనుకోకండి అంటూ ఒక కుర్చీ పట్టుకెళ్ళాడు. కాసేపటికి ఇంకోటి. మూడోది తీసుకెళ్తున్నప్పుడు, "నాది అడగరు కదా?" అన్నాను. అతను హడావిడిలో వినలేదు.

ఆ ఒక్క కుర్చీలో కూర్చుని తేల్చుకున్నాను. ముఖం అక్కర్లేదు. ఆ గోడౌన్ లాంటి ఇంటికి సున్నం కొట్టుకుని ఉంటాం. ఆమెను వచ్చెయ్యమని చెప్పాలి.

శుక్రవారం ఎక్కడికీ వెళ్ళలేదు. కాలవగట్టు మీద ఆ ఒక్క మాటా ఎలా చెప్పాలో నాలో నేనే అనుకుంటూ తిరిగాను. లాడ్జీ గదిలో సిగ్నల్ అందదు. మేడ మీద బాగా అందుతుందని పొద్దుగూకకముందే మొన్నటి దీవిలోకే పోయి కూర్చున్నాను. ఫోను మోగింది.

"ఎక్కడున్నావు? ఆ పాటలేంటి?"

"దీవిలో."

నవ్వింది. "చెప్పు, ఏం చూశావు?"

"అన్నీ చూశాను. ముఖం వద్దు, ఏం వద్దు. నువ్వు వచ్చెయ్."

మళ్ళీ నవ్వింది. నవ్వి, "ఊఁ, తర్వాత?" అంది. జోకులో రెండో సగం కోసం ఆగిందన్నమాట.

"తర్వాతేం లేదు. వచ్చెయ్."

"ఏమయ్యా, తాగావా?"

"కొబ్బరిచిప్పలో ఎర్రనీళ్ళు."

ఇంకా గట్టిగా నవ్వింది. నేనింకేం మాట్లాడినా ఆ గిటారు పాట మీద నవ్వులాటగానే వినబడుతుందని తెలిసింది. ఇన్ని శుక్రవారాలు ఆమెను నవ్వించడానికి తప్ప నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ నోటితోనే వేరే మాట చెబితే ఎలా నమ్ముతుంది? ఫోను చెవికి పెట్టుకునే మెట్లు దిగి వీధిలోకొచ్చాను. మూసి ఉన్న బట్టలకొట్టు అరుగు మీద నిలబడ్డాను.

"ఒసేయ్, విను. వంటగట్టు కట్టాలంటే నువ్వు గోడ పక్కన నిలబడాలి. నీ మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో నాకు గుర్తు లేదు. నిన్న ఒకావిడ అడిగితే చూపించలేకపోయాను. అందుకే రమ్మంటున్నాను."

నవ్వలేదు. అవతల వాళ్ళ వంటింట్లో ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"బుధవారమే మేడంకి ఉంటానని చెప్పేశాను," అంది. "వాళ్ళు ఊరెళ్తున్నారంట, కాగితాలు ముందే చేయించాలన్నారు. సంతకం పెట్టేశాను."

"బుధవారమా? మరి నన్ను చూసి రమ్మని ఎందుకు పంపావు?"

"పోయిన వారం పంపినప్పుడు నిజంగానే పంపాను. బుధవారం ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. కానీ అప్పటికే బస్సెక్కి ఉంటావు కదా. ఎన్నాళ్ళయింది నువ్వు ఎక్కడికైనా వెళ్ళి, ఆ పాకలో ఒక్కడివే కూర్చోవడమేగా. రెండు రోజులు తిరిగి రానీలే అనుకున్నాను." ఆగి, "బాగా తిరిగావా?" అంది.

"బాగా తిరిగాను," అన్నాను.

కార్డులో ఇంకా కొంచెం మిగిలి ఉన్నట్టుంది. ఆమే అడిగింది, ఏ ముఖం నచ్చిందని. రెండేళ్ళు అక్కడుంటోంది కదా, దేనికోసం ఉంటోందో తెలుసుకోవాలనుకుంది. నాకు ఏదీ నచ్చలేదు, ఏదీ గీసుకోలేదు. ఆ మాట ఎలా చెప్పను? అరుగు మీద నిలబడి అప్పటికప్పుడు కట్టడం మొదలుపెట్టాను. టేకు స్తంభాల వసారా పెట్టాను. కమాను కిటికీలు పెట్టాను, వాటి మీద సున్నపు తీగలు, మా ఊళ్ళో ఇంకెవరికీ లేనివి. గుర్రాలు వద్దన్నాను, గడ్డి ఎవరు వేస్తారని. పైన మేడకి ముందు గుండ్రటి బాల్కనీ పెట్టాను, పొద్దున ఎండ తగిలేటట్టు, బస్సులో వెళ్ళేవాళ్ళు మెడలు తిప్పి చూసేటట్టు. ఆమె ఊఁ ఊఁ అంటూ వింటోంది. ఎక్కడా నవ్వలేదు.

"ఇంత మంచి ఇల్లు ఏ వీధిలో ఉందయ్యా?" అంది చివరికి.

"ఎక్కడా లేదు. మనకే ఉంటుంది."

"ఆ బాల్కనీ ఎంత ముందుకొస్తుంది?"

"రెండు కుర్చీలు పట్టేంత."

"మధ్యలో ఒక స్టూలు కూడా పట్టాలి. కాఫీ గ్లాసులు కింద పెడితే తన్నేస్తావు నువ్వు."

"పడుతుంది," అన్నాను. ఆమె ఇంకేదో అనబోతుండగా కార్డు అయిపోయింది.

పైకి వెళ్ళి బిల్లు కట్టేసి, తెల్లవారి మొదటి బస్సుకే ఊరొచ్చేశాను. సోమవారం ఇసుక తోలించాను. ముందు స్తంభాలకి ముగ్గు పోసేటప్పుడు బాల్కనీ కోసం మామూలుకన్నా ఒక మూర బయటికి జరిపాను, స్టూలుకి. పనివాళ్ళు ఇదేం కొలతండీ మేస్త్రీ గారూ అని అడిగారు. ఇంటావిడ చెప్పిన కొలత, కట్టండి అన్నాను.